తలవంచుకొని నవ్విన నవ్వు

నవ్వు నాలుగందాల చేటని మన పెద్దలు హెచ్చరించినారు. భరతముని మాత్రం దానిని రసాలలో చేర్చి గౌరవించి, స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు మెట్లు కట్టినాడు. పలువరుస కనబడని చిరునవ్వు ఉత్తములదనీ, భుజాలదరి కన్నీరు కారే నవ్వు అధములదనీ పంచిపెట్టినాడు. ఈ ఆరింటిలోనూ ఇమడని నవ్వు మరొకటి ఉన్నది. పెదవులు నవ్వుతుండగానే తల వంగిపోతుంది. చూడలేము, చూపు మరల్చుకోనూ లేము. ఎవడో ఆడిన మోటుమాటకు మనకు సిగ్గు వేస్తుంది. ఒళ్ళు ముడుచుకొనిపోయే ఈ నవ్వును సభ్యలోకం సామాన్యంగా మెచ్చదు. నేను మెచ్చుకొంటాను. ఎందుకో చెప్పడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

ఈ హాస్యానికి పరాకాష్ఠ చూడదలచినవారు ఇంగ్లండు వైపు చూడవలె. 2001లో బి.బి.సి. రెండవ చానెలులో 'ది ఆఫీస్' అనే ప్రహసనం ఆరంభమైనది. వ్రాసి నడిపినవారు రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్. రెండు సంవత్సరాలలో ఆరేసి భాగాలు, 2003 క్రిస్మసుకు రెండు భాగాల ముగింపు, అంతటితో సరి. స్లౌ పట్టణంలో కాగితాలమ్మే ఒక కంపెనీ, దానికి డేవిడ్ బ్రెంట్ అనే మేనేజరు. ఆ వేషం జెర్వైసే కట్టినాడు. తాను మహా చమత్కారిననీ, సిబ్బందికి తానంటే ప్రాణమనీ బ్రెంటు నమ్మకం. ఆ నమ్మకమే అతని జబ్బు.

ఒక ఘట్టం చెబుతాను. అగ్నిప్రమాదం వస్తే ఎట్లా బయటపడవలెనో ఆ ఆఫీసులో అభ్యాసం చేయిస్తున్నారు. అటువంటి వేళ లిఫ్టు వాడరాదు. చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక ఉద్యోగినిని బ్రెంటు, అతని అనుచరుడు గారెత్ కలిసి కుర్చీతో సహా ఎత్తి మెట్లమీదుగా దింపబోతారు. బరువు తెలిసి వస్తుంది. ఇప్పుడు నిజంగా నిప్పంటుకొనలేదు గదా అని, ఆమెను మెట్ల మధ్యనే వదలి తమ దారిన తాము పోతారు.

వినడానికి ఇది అవిటితనాన్ని ఎగతాళి చేసినట్లే ఉన్నది. చూచినవారికి సంగతి వేరుగా బోధపడుతుంది. అక్కడ నవ్వులపాలైనది ఆమె కాదు. నలుగురూ చూస్తున్నారని దయను అభినయించి, చేతులు నొప్పి పెట్టగానే ఆ దయను మెట్లమీద దించివేసిన పెద్దమనిషి. పైగా ఇతర హాస్యనాటికలలో వలె తెర వెనుక నుంచి నవ్వుల మోత వినిపించదు. ఎక్కడ నవ్వవలెనో మనకెవరూ చెప్పరు. బ్రెంటు ఒక మాట విసిరి చుట్టూ చూస్తాడు, ఎవరూ నవ్వరు. ఆ నిశ్శబ్దంలో, ఎన్నడో ఒక పెళ్ళిపందిట్లో మనం విసిరిన మాటకు ఎవరూ నవ్వని క్షణం మనకు జ్ఞాపకం వస్తుంది. తల వంగేది అందువల్లనే.

వీధిగోడకూ ఈ విద్య తెలుసు. తన అసలు పేరు చెప్పకుండా బొమ్మలు వేసే బాంక్సీ, 2014లో క్లాక్టన్ అనే సముద్రతీరపు ఊరిలో ఒక గోడమీద పక్షుల బొమ్మ వేసినాడు. ఒక ప్రక్క అయిదు బూడిదరంగు పావురాలు. వలసవచ్చిన వారికి ఇక్కడ తావు లేదనీ, మా వానపాముల జోలికి రావద్దనీ వ్రాసిన అట్టలను అవి పట్టుకొన్నాయి. రెండవ ప్రక్క ఒంటరిగా ఒక పచ్చని వలసపిట్ట. అప్పుడు ఆ ఊరిలో ఉపఎన్నిక దగ్గరపడి ఉన్నది. వలసదారుల ప్రశ్న అందరి నోళ్ళలోనూ నానుతున్నది. ఆ బొమ్మ జాతిద్వేషం వెళ్ళగ్రక్కుతున్నదని ఫిర్యాదు రాగా స్థానిక మండలి దానిని తొలగించినది. ద్వేషాన్ని వెక్కిరించిన బొమ్మను ద్వేషమని చెరిపివేసినారు. ఆ తరువాత, బాంక్సీ మళ్ళీ వచ్చి తగినదేదైనా వేస్తే సంతోషిస్తామని కూడా అన్నారు! అట్టమీది అక్షరాలు చదివినారే గాని, అట్టను పట్టుకొన్నదెవరో చూడలేదు.

అయితే చదువరుల పొరపాటు ఇంకొక దిక్కుగా కూడా జరుగుతుంది. అది మరింత ప్రమాదకరం. 1960లలో బి.బి.సి.లోనే ఆల్ఫ్ గార్నెట్ అనే పాత్ర ఉండేది. జాతులనూ, మతాలనూ, స్త్రీలనూ నోటికి వచ్చినట్లు తిట్టే తూర్పు లండను మనిషి. రచయిత జానీ స్పైట్ ఆ మూర్ఖత్వాన్ని ఎండగట్టడానికే వానిని సృష్టించినాడు. కాని ప్రేక్షకులలో అనేకులు మా మనసులోని మాట అన్నాడని వానిని నెత్తిన పెట్టుకొన్నారు. అదే అచ్చును అమెరికాకు తెచ్చి నార్మన్ లియర్ 1971లో ఆర్చీ బంకర్‌ను నిలిపినాడు. ప్రేక్షకులను పరిశీలించి విడ్మార్, రొకీచ్ అనే పండితులు 1974లో ఒక వ్యాసం ప్రకటించినారు. ద్వేషం లేనివారూ నవ్వినారు, ద్వేషం గలవారూ నవ్వినారు. ద్వేషం గలవారు మాత్రం ఆర్చీనే మెచ్చుకొని నవ్వినారని తేలినది.

మనకిది క్రొత్త కాదు. 1892లో రంగమెక్కి, 1897లో అచ్చయి, 1909లో మరల రూపు దిద్దుకొన్న 'కన్యాశుల్కం' ఎందరి ఒళ్ళో మండించిన నాటకం. గిరీశాన్ని చూచి మనం సిగ్గుపడవలసినది. అతని మాటలను కంఠస్థం చేసి మురిసిపోయినాము. అద్దం చేతికిస్తే పటమనుకొని గోడకు తగిలించినాము.

మరి మెచ్చదగిన మోటుహాస్యాన్నీ, వట్టి మోటుతనాన్నీ వేరుచేసేదెట్లా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల వల్ల రాలేదు. ఒక మధ్యాహ్నం నా తరగతిలో ఒక బాలుడు, నత్తిగల తోటివాడు పాఠం చదివే తీరును అనుకరించినాడు. అనుకరణ అచ్చుగుద్దినట్లున్నది. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వినాను. ఆ నత్తి బాలుడూ నవ్వినాడు. నవ్వకపోతే మరింత నవ్వులపాలవుతానని వానికి తెలుసు. ఆ తరువాత చాలా రోజులు వాడు పాఠం చదవడానికి లేవలేదు. కారణం గ్రహించి మొదటివానిని మందలించబోతే, "హాస్యానికి చేసినాను మాస్టారూ, మీరు కూడా నవ్వినారు గదండీ!" అన్నాడు. నా వద్ద సమాధానం లేదు. బ్రెంటు కోసం స్లౌ దాకా పోనక్కరలేదు. ఆనాడు నల్లబల్ల ముందు నిలబడి ఉన్నాడు.

అప్పటి నుంచి నాకొక కొలత ఏర్పడినది. మాట మోటుదా నాజూకుదా అని అడగను. నవ్వు ఆగిన తరువాత ఎవరి తల వంగినదని అడుగుతాను. నా తరగతిలో వంగినది ఆ పసివాని తల. 'ది ఆఫీస్' చూచినప్పుడు వంగేది నా తల. మొదటి నవ్వు ఎంత సున్నితంగా ఉన్నా క్రూరమే. రెండవది ఎంత మొరటుగా ఉన్నా విద్యయే.

నేటి పిల్లలు రోజూ టెలివిజనులో చూచేది ఎక్కువగా మొదటి రకమే. మనిషి రంగునూ, లావునూ, వేషాన్నీ పట్టుకొని ఏడిపించడం. చూడవద్దని శాసిస్తే వినరు. ఎవరి తల వంగినదో గమనించమని నేర్పితే చాలు. తక్కినది వారే తెలుసుకొంటారు. అయితే నేర్పబోయే ముందు ఉపాధ్యాయుడు తన నవ్వును ఒకసారి పరీక్షించుకోవలె. నేను ఆ పని ఆలస్యంగా చేసినాను.