ఆకాశం ఎప్పుడు నల్లబడింది?

1927 ఏప్రిల్ 10. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. పాతికేళ్ల ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ బరువైన కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ, కాబోయే భార్య వర్జీనియాతో, మిత్రులతో కలిసి మంచులో కొండెక్కాడు. హాఫ్ డోమ్ అనే మహాశిల ఎదుటికి చేరేసరికి తెచ్చుకున్న ప్లేట్లలో మిగిలినవి రెండే.

ఎండ శిల ముఖం మీదికి తిరిగేదాకా ఆగాడు. లెన్సుకు పసుపు ఫిల్టర్ తగిలించి ఒక ప్లేటు తీశాడు. తీసిన వెంటనే అసంతృప్తి. ఆకాశం మామూలు బూడిద రంగులో వస్తుంది, ఆ శిల తనలో రేపిన గంభీరత అందులో ఉండదు. పసుపు తీసి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఎరుపు గాజు నీలి వెలుగును ఆపేస్తుంది. లోపలికి వెళ్లే వెలుగు బాగా తగ్గుతుంది కనుక ఐదు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సి వచ్చింది. అదే చివరి ప్లేటు.

రెండు చిత్రాలనూ ఇవాళ పోల్చి చూడొచ్చు. మొదటిదాంట్లో కొండ, ఆకాశం ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టుంటాయి. రెండోదాంట్లో ఆకాశం దాదాపు నలుపు, మంచు తెలుపు, మధ్యలో శిల ఉరుముతున్నట్టు నిలబడుతుంది. ఆ నల్లటి ఆకాశం ఆ రోజు అక్కడున్న ఎవరి కంటికీ కనిపించింది కాదు. షట్టర్ తెరవకముందే ఆడమ్స్ దాన్ని ఊహించాడు.

ఇప్పుడు ఆ పని ఇంటికొచ్చాక చేసుకోవచ్చు. రంగుల్లో తీసి, కంప్యూటర్‌లో నీలాన్ని కిందికి లాగితే ఆకాశం నల్లబడుతుంది. ఇందులో తప్పేం లేదు. రంగులు కుదరలేదని ఫొటోను నలుపు-తెలుపులోకి నెట్టేయడం మీదే అభ్యంతరం.

మిరప చేను ఫొటో ఒకటి తీసుకుందాం. పండు మిరపకాయలో ఎరుపు 220, ఆకుపచ్చ 30, నీలం 30 ఉన్నాయనుకోండి. ఆకులో అవే 60, 110, 50. టీవీల కాలం నుంచి వస్తున్న లెక్క ప్రకారం ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59, నీలంలో 11 శాతం కలిపితే నలుపు-తెలుపులో కాయ విలువ 87, ఆకు విలువ 88. గుంటూరు మిరపకాయ ఆకుల్లో మాయం! ఎరుపును మాత్రమే తీసుకుంటే కాయ తెల్లగా మెరుస్తుంది, ఆకుపచ్చనే తీసుకుంటే నల్లబడుతుంది. కాయ తెల్లగా ఉండాలా నల్లగా ఉండాలా అన్నది చేనులో నిలబడ్డప్పుడే తేల్చుకున్నవాడికి ఎండ ఎటు పడాలో కూడా తెలుస్తుంది.

సాంకేతికంగానూ తేడా ఉంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు దక్కిన పద్ధతిలో సెన్సర్ మీది చుక్కల్లో సగం ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని చూస్తాయి. ఎరుపు ఒక్కదాని మీదే ఆధారపడి ఆకాశాన్ని నల్లగా చేస్తే, ముప్పావు వంతు చుక్కల దగ్గర ఉన్నది అంచనా విలువే. అందుకే గట్టిగా లాగిన ఆకాశంలో మచ్చలు, కొండ అంచున తెల్లటి గీత కనిపిస్తుంటాయి. 2012లో లైకా, చుక్కలకు రంగులు పంచే ఆ జల్లెడ లేకుండానే మోనోక్రోమ్ కెమెరా తెచ్చింది. దాంతో ఆకాశం నల్లబడాలంటే లెన్సుకు ఎర్ర గాజు బిగించాల్సిందే.

చరిత్ర క్లుప్తంగా: 1839లో డాగెరోటైప్ అనే ఫొటో పద్ధతి లోకానికి తెలిసింది. తొలినాళ్ల ప్లేట్లకు నీలమే బాగా అందేది, అందుకే నాటి చిత్రాల్లో ఆకాశాలు తెల్లగా వెలిసిపోయి ఉంటాయి. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ పనిచేసింది అలాంటి పరిమితుల మధ్యే. అన్ని రంగులూ అందే ప్లేట్లు వచ్చాకే ఎర్ర ఫిల్టర్‌కు అర్థం ఏర్పడింది. 1935లో రంగుల ఫిల్మ్ కొడాక్రోమ్ వచ్చింది.

మార్చినా మెప్పించినవి
కోయెన్ సోదరుల సినిమా ‘ద మ్యాన్ హూ వజంట్ దేర్’ (2001)ను ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ రంగుల ఫిల్మ్ మీద తీస్తే, నలుపు-తెలుపులో ప్రింటు వేశారు. ‘రోమా’ (2018) కూడా రంగుల డిజిటల్ కెమెరాతో తీసిందే. రెండింటినీ మొదటి నుంచీ నలుపు-తెలుపు కోసమే రూపొందించారు.

మాయాబజార్‌ది ఎదురు దారి
1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు-తెలుపులో తీసిన ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకుని విడుదలైంది. రంగుల ఫొటోను నలుపు-తెలుపులోకి మారిస్తే ఉన్న సమాచారం కొంత పోతుంది. ఇక్కడ లేనిదాన్ని చేర్చాలి. శశిరేఖ చీర ఎంత వెలుగులో ఉందో నెగటివ్ చెబుతుంది, ఏ రంగో చెప్పదు. పడవ పాటలో వెన్నెలను ముందు బార్ట్‌లీ తీసినట్టే చూసి, ఆ తర్వాత రంగుల్లో చూడండి.