పొగడ్తల వెనుక లింకు

తెలంగాణ నేత కార్మికులు మరమగ్గాల కోసం వలస వెళ్లే సూరత్‌లో జవుళి దుకాణం రోడ్డు పక్కనుంటేనే గిరాకీ. ఇంటర్నెట్‌లో ఆ రోడ్డు గూగుల్ మొదటి పేజీ. సైటుకు ఎవరెవరు లింకు ఇచ్చారో చూసి 1998 నుంచి గూగుల్ పరపతి లెక్కగడుతోంది. దాంతో అడ్డదారి పుట్టింది: ఎవరి బ్లాగు కిందో 'చాలా బాగా రాశారు' అని పొగిడి, చీరల దుకాణం లింకు తగిలించడం. అదే పొగడ్త, వందల చోట్ల.

2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ 'నోఫాలో' గుర్తుతో అలాంటి లింకుల విలువ తీసేశాయి. అయినా వాన ఆగలేదు. 2012 ఏప్రిల్‌లో 'పెంగ్విన్' వచ్చాకే అసలు దెబ్బ: లింకులు పోగేసిన సైట్లే అడుగుకు జారాయి. రాసిపెట్టినవాడికి కూలి ఎప్పుడో ముట్టింది, మునిగింది దుకాణదారు. ఆ అక్టోబరులో 'ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దు' అని చెప్పుకొనే వీలును గూగుల్ కల్పించింది. వాటిని వెతికి జాబితా రాయాల్సింది మాత్రం ఆయనే.