క్రాస్‌లో కక్షిదారు, పక్కన లాయరు

సివిల్ దావాలో వాదో ప్రతివాదో బోనెక్కి, ఎదుటి లాయరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే ఘట్టాన్ని కోర్టు వాడుకలో క్రాస్ అంటారు. ఆ సమయంలో సొంత లాయరు జవాబు అందించకూడదు, సైగ చేయకూడదు. తగిన చోట అభ్యంతరం చెప్పడం, టైపు అవుతున్న వాంగ్మూలం మీద కన్నేసి ఉంచడం మాత్రమే ఆయన చేయగలిగిన పనులు. గొంతు పెంచే లాయరు గట్టివాడని పార్టీలు అనుకుంటాయి గానీ, కాగితం మీదికి ఎక్కని అరుపు అప్పీలులో ఎందుకూ పనికిరాదు.

అసలు రక్షణ క్రాస్‌కు ముందే మొదలవుతుంది. 2002 జూలై 1 నుంచి సివిల్ కోర్టుల్లో చీఫ్ విచారణ, అంటే సొంత పక్షం తరఫున చెప్పే సాక్ష్యం, అఫిడవిట్ రూపంలో సాగుతోంది. దాన్ని రాసేది లాయరు ఆఫీసు, సంతకమో వేలిముద్రో పెట్టేది పార్టీ. అందులోని సర్వే నంబరు, హద్దులు, తేదీలు పార్టీకే తెలియకపోతే ఎదుటి లాయరు మొదటి దెబ్బ అక్కడే వేస్తాడు. అందుకే పహాణీలు (సాగు రికార్డులు), పాసు పుస్తకం, పాత నోటీసులు పార్టీ ముందు పెట్టి చదివి వినిపించాలి. అడిగినంతవరకే చెప్పమనడం, తెలియనిది తెలియదని ఒప్పుకోమనడం సక్రమమైన సలహాలే. అబద్ధం నేర్పడం మాత్రం నేరం. కోర్టులో కావాలని తప్పుడు సాక్ష్యం చెబితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడుతుంది.

క్రాస్‌ను తప్పించుకుందామంటే అదీ కుదరదు. పార్టీ బోనెక్కకపోతే ఆ కేసు నిజం కాదన్న ఊహకు తావుంటుందని సుప్రీంకోర్టు 1999లో విద్యాధర్ కేసులో చెప్పింది. పార్టీకి మాత్రమే తెలిసిన సంగతుల మీద ఆ పార్టీ బదులు జీపీఏ హోల్డరు (అధికార పత్రం పొందినవాడు) చెప్పే సాక్ష్యం చెల్లదని 2004లో జానకి భోజ్వాని కేసులో తేల్చింది. అమెరికాలో ఉండి ఊళ్లో భూమి కోసం దావా వేసినవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

క్రాస్‌లో జవాబును సూచించే ప్రశ్నలు వేయడానికి చట్టమే ఒప్పుకుంటుంది. వాటికి అభ్యంతరం చెప్పడం కాలయాపనే. అసభ్యమైన, అవమానించడానికే వేసిన ప్రశ్నలను అడ్డుకోవడానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లో 154, 155 సెక్షన్లున్నాయి. అభ్యంతరం చెప్పినా జడ్జి ప్రశ్నను అనుమతిస్తే ప్రశ్న, జవాబు, అభ్యంతరం, అది చెప్పిన వ్యక్తి పేరు, దాని మీద కోర్టు నిర్ణయం అన్నీ రికార్డులోకి ఎక్కాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 11వ రూలు చెబుతోంది.

క్షణం ఆలస్యమైతే చేజారేది స్టాంపు అభ్యంతరం. తొర్రూరు, మహబూబాబాద్, జనగామ వైపు ఊళ్లలో వ్యవసాయ భూములు సాదా బైనామా (రిజిస్టరు కాని అమ్మకం కాగితం) మీద చేతులు మారడం పాత అలవాటు. చాలని స్టాంపు మీదో తెల్లకాగితం మీదో రాసుకున్న అలాంటి కాగితాన్ని ఎదుటి పక్షం ఎగ్జిబిటుగా మార్క్ చేయించబోతే లాయరు అప్పుడే లేవాలి. ఒకసారి సాక్ష్యంలోకి తీసుకున్న కాగితాన్ని స్టాంపు చాలలేదన్న కారణంతో అదే దావాలో మళ్లీ ప్రశ్నించకూడదని 1899 నాటి స్టాంపు చట్టం 36వ సెక్షన్ అంటుంది. క్రాస్‌లో ఎంత చాకచక్యం చూపినా ఈ ఒక్క ఏమరుపాటు పూడదు.

కొన్ని దావాల్లో క్రాస్ జడ్జి ముందు కాకుండా అడ్వకేట్ కమిషనర్ దగ్గర జరుగుతుంది. జడ్జి లేనిచోట మాటలు ముదురుతాయి. కమిషనర్‌కు అభ్యంతరాలను తేల్చే అధికారం లేదు, రాసుకోవడమే ఆయన పని. వాదనల దశలో కోర్టే తేలుస్తుంది. అయితే 26వ ఆర్డరు 16ఎ రూలులో ఒక మినహాయింపు ఉంది. అడిగినది సాక్షి తన లాయరుతో గుట్టుగా మాట్లాడుకున్న సంగతి లాంటి, చెప్పకుండా ఉండే హక్కున్న విషయమని అభ్యంతరం వస్తే కమిషనర్ జవాబే రాసుకోకూడదు.

అమెరికాలో డిపోజిషన్ అనేది దాదాపు ఇలాంటిదే. అక్కడ విచారణకు ముందే, జడ్జి లేకుండా, ఎక్కువగా లాయర్ల ఆఫీసుల్లో జరుగుతుంది. ఫెడరల్ కోర్టుల రూలు 30 ప్రకారం మామూలుగా ఒక రోజు, ఏడు గంటలే గడువు. అభ్యంతరం క్లుప్తంగా ఉండాలి. అభ్యంతరం పేరుతో సాక్షికి జవాబు అందించడం అక్కడా తప్పే.

మన కోర్టుల్లో ఇంకో చిక్కు భాషది. సాక్షి తెలుగులో చెబుతాడు, చాలాచోట్ల రికార్డు ఇంగ్లీషులో టైపవుతుంది. ‘పొలం మేమే దున్నుతున్నం’ అన్న మాటకూ ‘పొలం మా కబ్జాలో ఉంది’ అన్న మాటకూ దావాలో తేడా ఉంటుంది. లాయరు చెవి సాక్షి మీద, కన్ను టైపు మీద ఉండాలనేది ఇందుకే. సాక్షికి రాని భాషలో రాసిన వాంగ్మూలాన్ని అతను మాట్లాడిన భాషలో వినిపించాలని 18వ ఆర్డరు 6వ రూలు ఉంది. ఆ రూలును అడిగి అమలు చేయించుకోవాలి.

క్రాస్‌లో వచ్చిన గజిబిజిని విడమరచడానికి రీ-ఎగ్జామినేషన్ ఉంది. కోర్టు అనుమతి లేకుండా అందులో కొత్త సంగతులు ఎత్తకూడదు. ఆ తర్వాత సాక్షిని తిరిగి పిలవడానికి 18వ ఆర్డరు 17వ రూలు ఉంది. కానీ సాక్ష్యంలో వదిలేసిన ఖాళీలు పూడ్చుకోవడానికి దాన్ని వాడుకోకూడదని సుప్రీంకోర్టు 2011లో వేలుసామి కేసులో స్పష్టం చేసింది.