పక్షుల ఛాయాచిత్రాలలో నాయిస్

తక్కువ వెలుతురులో తీసిన డిజిటల్ ఛాయాచిత్రాలలో, అసలు దృశ్యంలో లేని రవ్వలు, రంగుచుక్కలు, గరుకుదనం కనిపించడాన్ని '''నాయిస్''' అంటారు. ఫిల్ము వాడిన కాలంలో వెండి లవణాల రేణువుల వలన ఏర్పడే గరుకు (గ్రెయిన్) చూడడానికి కొంతవరకు ఇలాగే ఉండేది. పక్షుల ఛాయాచిత్రకళలో ఈ సమస్య మరింత ఎక్కువ. పక్షులు ఉదయ సంధ్యలోను, సాయంసంధ్యలోను చురుకుగా తిరుగుతాయి. అవి నిలకడగా ఉండవు కనుక షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచడం కుదరదు. దూరం నుండి తీయడానికి వాడే పొడవైన కటకాలలో చాలావాటి ద్వారం (ఎపర్చరు) చిన్నది. ఈ మూడూ కలిసి సెన్సారుపై పడే కాంతిని తగ్గిస్తాయి.

== కారణాలు ==
కాంతి ఫోటాన్లు అనే కణాలుగా సెన్సారును చేరుతుంది. వాన చినుకులు పెరట్లో పరచిన గిన్నెలన్నింటిలోను సమానంగా పడనట్లే, ఫోటాన్లు కూడా అన్ని పిక్సెళ్ళ మీద సమానంగా పడవు. ఈ హెచ్చుతగ్గులు సగటున ఫోటాన్ల సంఖ్యకు వర్గమూలమంత ఉంటాయి. ఒక పిక్సెలుకు 10,000 ఫోటాన్లు చేరితే తేడా సుమారు 100, అనగా 1 శాతం. 100 ఫోటాన్లు మాత్రమే చేరితే తేడా 10, అనగా 10 శాతం. చీకటి చిత్రాలలో గరుకు కొట్టవచ్చినట్లు కనిపించడానికి ఇదే ప్రధాన కారణం.

రెండవది, సెన్సారు నుండి సంకేతాన్ని చదివే ఎలక్ట్రానిక్ వలయాలలో పుట్టే నాయిస్. ఇది చిత్రంలోని నీడలలో బయటపడుతుంది. సెన్సారు వేడి వలన పుట్టే నాయిస్ మూడవది. ఇది నక్షత్రాలను తీసేవారికి ముఖ్యమైనదే కాని, సెకనులో చిన్న భాగంలో ముగిసే పక్షుల చిత్రాలలో దీని పాత్ర స్వల్పం.

== ఐ.ఎస్.ఓ. పాత్ర ==
ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచడమే నాయిస్‌కు కారణమని ఒక అభిప్రాయం ఉంది. నిజానికి ఐ.ఎస్.ఓ. పెంచినపుడు కెమేరా అందిన సంకేతాన్ని హెచ్చించి చూపుతుంది. నాయిస్‌కు మూలం కాంతి చాలకపోవడమే. అందువలన ఐ.ఎస్.ఓ.కు భయపడి చిత్రాన్ని నల్లగా తీసి, తరువాత కంప్యూటరులో వెలుతురు పెంచడం వలన ప్రయోజనం లేదు. చాలా కెమేరాలలో అలా చేస్తే నీడలలో నాయిస్ ఇంకా పెరుగుతుంది.

== చిత్రం తీసేటపుడు ==
సెన్సారుకు వీలైనంత ఎక్కువ కాంతిని అందించడం అన్నిటికంటె ముఖ్యమైన మార్గం.

* '''షట్టరు వేగం:''' ఎగిరే పక్షికి సెకనులో 1/1000 నుండి 1/2000 వంతు అవసరం కావచ్చు. కొమ్మపై కదలక కూర్చున్న గుడ్లగూబకు అంత వేగం అక్కరలేదు. ఉదాహరణకు 1/1000, ఎఫ్/5.6, ఐ.ఎస్.ఓ. 12800 వద్ద సరిపడే దృశ్యాన్ని 1/125 వద్ద తీస్తే ఐ.ఎస్.ఓ. 1600 చాలు. సెన్సారుకు 8 రెట్లు కాంతి అందుతుంది. నెమ్మదైన వేగంలో కొన్ని చిత్రాలు చెదురుతాయి కనుక వరుసగా పలు చిత్రాలు తీసి స్పష్టమైనదానిని ఎంచుకోవాలి.
* '''ద్వారం:''' ఎఫ్/5.6కు బదులు ఎఫ్/4 వాడితే రెట్టింపు, ఎఫ్/2.8 వాడితే నాలుగు రెట్లు కాంతి వస్తుంది.
* '''ఆధారం:''' ముక్కాలిపీట (ట్రైపాడ్), కటకంలోని స్థిరీకరణ చేతి వణుకును తట్టుకుంటాయి. పక్షి కదలికను మాత్రం ఆపలేవు.
* '''ఎక్స్‌పోజరు:''' తెల్లని భాగాలలో వివరాలు చెడనంత వరకు చిత్రాన్ని కొంచెం వెలుతురుగా తీయడం మేలు. గూడబాతు వంటి లేతరంగు పక్షుల విషయంలో హిస్టోగ్రాం చూసుకోవడం అవసరం.
* '''దూరం:''' చిత్రంలో సగం వెడల్పు, సగం ఎత్తు మాత్రమే ఉంచి కత్తిరిస్తే సెన్సారు సేకరించిన కాంతిలో నాలుగవ వంతు భాగమే వాడినట్లవుతుంది. కనుక పక్షి బెదరని మేరకు దగ్గరగా ఉండి తీసిన చిత్రంలో నాయిస్ తక్కువగా కనిపిస్తుంది.

== తీసిన తరువాత ==
చిత్రాన్ని రా ఫైలుగా భద్రపరచడం మంచిది. జేపెగ్ ఫైలులో ఒక్కొక్క రంగుకు 256 స్థాయిలే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలుంటాయి. పైగా జేపెగ్ తయారయ్యేటపుడే కెమేరా తన పద్ధతిలో నాయిస్‌ను తుడిచివేస్తుంది, దానిని తిరిగి మార్చలేము.

రంగుచుక్కలను గట్టిగా తగ్గించినా ఈకల వివరాలు అంతగా పోవు. వెలుగునీడల గరుకును మాత్రం మితంగా తగ్గించాలి. నేపథ్యానికి ఎక్కువగాను, పక్షికి తక్కువగాను వర్తింపజేయడం వాడుకలో ఉన్న పద్ధతి. పదును పెంచడం (షార్పెనింగ్) నాయిస్ తగ్గించిన తరువాతే చేయాలి, లేకపోతే గరుకుకు కూడా పదును వస్తుంది. కదలని పక్షిని స్థిరమైన కెమేరాతో నాలుగు సార్లు తీసి, ఆ చిత్రాల సగటు తీసుకుంటే నాయిస్ సగానికి తగ్గుతుంది.

కృత్రిమ మేధతో పనిచేసే సాధనాలు ఇటీవల ప్రాచుర్యం పొందాయి. డీఎక్స్‌ఓ సంస్థ 2020లో డీప్‌ప్రైమ్‌ను, అడోబి సంస్థ 2023లో లైట్‌రూమ్‌లో డీనాయిస్‌ను విడుదల చేశాయి.

== జాగ్రత్తలు ==
పక్షి చిత్రం అందానికే కాక గుర్తింపుకు కూడా ఉపయోగపడుతుంది. 1900 తరువాత కనిపించక, అంతరించిందని భావించబడిన కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి కనుగొనబడింది. ఇది పొదల అడవులలో రాత్రిపూట సంచరించే పక్షి. రొమ్ముమీది రెండు పట్టీలు దీని గుర్తులలో ఒకటి. ఇటువంటి అరుదైన పక్షికి మసక చిత్రం ఒక్కటే సాక్ష్యమైతే, నాయిస్ తగ్గింపు అతిగా చేసినపుడు ఆ గుర్తులే చెరిగిపోవచ్చు. కృత్రిమ మేధ సాధనాలు లేని ఈకల గీతలను ఊహించి చేర్చే అవకాశం కూడా ఉంది. కాబట్టి మార్పులు చేయని అసలు ఫైలును తప్పక దాచి ఉంచాలి.

కాంతి చాలనపుడు ఫ్లాష్ వాడితే నాయిస్ తగ్గుతుంది కాని నిశాచర పక్షులు బెదరవచ్చు. గూళ్ళ వద్ద ఫ్లాష్ వాడడం, మరీ దగ్గరకు వెళ్ళడం తగదు. తల్లిపక్షి గూడు వదలి ఎగిరిపోతే గ్రుడ్లకు, పిల్లలకు ప్రమాదం. అటువంటిచోట కొంత నాయిస్ ఉన్న చిత్రంతో తృప్తిపడడమే ఉచితం.

== ఇవి కూడా చూడండి ==
* ఛాయాచిత్రకళ
* కలివికోడి
* నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం