యుద్ధానంతర పశ్చాత్తాపం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెలలో సైన్యం నుండి విరమించి వచ్చినవారిని "మిలిటరీ ఆయన" అని గౌరవంతో పిలుస్తారు. పింఛను గురించి, క్యాంటీను సరుకుల గురించి అడుగుతారు. ఆయన అంతరంగంలో మిగిలినదానిని అడిగేవారు అరుదు. ఆజ్ఞ మేరకు చేసిన పనియైనా, తోటివాడు కూలిపోగా తాను బ్రతికి వచ్చుటయైనా కొందరికి పాపభారమై నిలుస్తుంది. శ్రీలంకలో 1987 నుండి 1990 వరకు మన శాంతిసేన పోరాడినట్లు, శత్రువెవరో పౌరుడెవరో తేలని చోట ఈ భారం మరింత హెచ్చు. దాని ఆధ్యాత్మిక స్వరూపాన్ని విద్యార్థుల ముందుంచుట మా ఉద్దేశం.

భయం వేరు, పశ్చాత్తాపం వేరు. టపాకాయ శబ్దానికి ఉలికిపడుట భయం, "నేను చేసినది న్యాయమా?" అని తన్ను తాను నిలదీసికొనుట పశ్చాత్తాపం. వియత్నాం యుద్ధం నుండి వచ్చినవారికి చికిత్స చేసిన అమెరికా వైద్యుడు జోనథన్ షే ఇట్టి వ్యథకు 'నైతిక గాయం' అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు.

పేరు కొత్తదే గాని వ్యథ ప్రాచీనం. కళింగలో లక్షమంది హతులైనారని, లక్షా యాభై వేలమంది చెరపట్టబడినారని అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో స్వయంగా లెక్క చెప్పి దుఃఖించాడు. మృతుల బంధుమిత్రుల శోకాన్నీ అందులో పేర్కొన్నాడు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉంది. కళింగలోని ధౌళి, జౌగడలలో మాత్రం లేదు. గాయపడినవారి ఎదుట ఆ మాట చెప్పుటకు నోరు రాలేదేమో! ఇది మా ఊహ మాత్రమే.

తిక్కనగారి శాంతిపర్వంలో ధర్మరాజు గెలిచి కూడా రాజ్యం వద్దంటాడు. కర్ణుడు అన్న అని తల్లి దాచినందుకు ఆమెనూ నిందిస్తాడు. యుద్ధపాపం ఇంటిలోకి ప్రవేశించుట అంటే ఇదే. క్షత్రియధర్మమని తమ్ములు చెప్పిన ఓదార్పు అతనికి చాలలేదు.

ఇస్లాంలో తౌబాకు రెండు ముఖాలున్నాయి: దైవానికి చెల్లవలసినది, మనుష్యునికి చెల్లవలసినది. పొరపాటున ప్రాణం తీసినవానికి మృతుని కుటుంబానికి పరిహారాన్ని, బానిస విమోచనాన్ని, అది సాధ్యం కానిచో వరుసగా రెండు మాసాల ఉపవాసాన్ని పవిత్ర ఖురాన్ నాల్గవ అధ్యాయం విధించింది. ఆ కుటుంబం ఎవరో, ఏ ఊరో తెలియని సిపాయికి ఈ రెండవ ద్వారం మూసుకొనిపోతుంది. కన్నీరు ఎంత కార్చినా తీరకపోవుటకు ఇదొక కారణమని మేము తలుస్తాము. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచిన నార్మన్ యోధులకు కూడా వారి బిషప్పులు ప్రాయశ్చిత్తం విధించారు: చంపిన ఒక్కొక్కరికి ఒక్కొక్క సంవత్సరం, లెక్క తెలియనివానికి జీవితాంతం వారానికొక దినం. ఆ లెక్క తెలియనివానిని కూడా తలచుకొనుట మాకు గొప్పగా తోచింది.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు యుద్ధమూలాన్ని మన నిత్యజీవితంలోనే చూపారు. ఆ దృష్టితో చూస్తే ఈ భారం సిపాయి ఒక్కనిది కాదు. కాని ఇంట్లో జరిగేది వేరు. అడిగితే ఆయన బాధపడతాడని భార్యాబిడ్డలు ఊరకుంటారు. చెబితే వారు తన్ను మరొక కంట చూస్తారని ఆయన ఊరకుంటాడు. ధర్మరాజుకు భీష్ముడు దొరికాడు. మన ఊళ్ళలో ఆ పని ఇమాముగారో, పూజారిగారో, పాస్టరుగారో, ఒకప్పటి తోటి సిపాయియో చేయాలి. వీరిలో తోటి సిపాయి వద్దనే ఆయన ముందుగా నోరు విప్పుతాడు. అక్కడ సగం మాటలు చెప్పనక్కరలేదు.