దూరదర్శిని కొనేముందు



1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం మన రాయచూరు జిల్లాలో పట్టపగలే చీకటి పడింది. అది సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని పరిశీలించడానికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రజ్ఞులు సింధనూరు తాలూకా జవళగేరాలో మకాం వేశారు. ఆ వేళ తలుపులు మూసుకొని ఇంట్లో కూర్చున్నవారు ఎందరో ఉన్నారని పెద్దలు చెబుతారు. ఇప్పుడు రోజులు మారాయి. "సార్, మావాడు టెలిస్కోప్ కావాలంటున్నాడు, ఏది కొనమంటారు?" అని తల్లిదండ్రులే అడుగుతున్నారు. ఈనాటి ప్రసంగం వారి కోసమే.

ముందు నేను చేసిన పొరపాటు చెబుతాను. కొన్నేళ్ల క్రితం బడిపిల్లల కోసం ఒక దూరదర్శిని కొన్నాను. పెట్టె మీద 500 రెట్లు పెద్దదిగా చూపుతుందని రాసి ఉంది. ఆ అంకె చూసి మోసపోయాను. రాత్రి పిల్లలంతా వరుసలో నిలబడ్డారు. గురుగ్రహం దొరికినట్టే దొరికి జారిపోయేది. చెయ్యి తగిలితే చాలు, సన్నకాళ్ల స్టాండు ఊగిపోయేది. కనిపించిన కాసేపూ అంతా మసక. "ఉత్త కంటికే బాగుంది సార్" అంటూ ఒక అమ్మాయి పక్కకు వెళ్లిపోయింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ పిల్ల ఉత్సాహం పోయినందుకు బాధపడ్డాను.

ఇంతకీ లోపం ఎక్కడుంది? దూరదర్శిని చేసే మొదటి పని వెలుతురును పోగుచేయడం. పెద్దదిగా చూపడం ఆ తర్వాతి పని. ముందుండే కటకం లేదా లోపలుండే దర్పణం వెడల్పు రెట్టింపయితే, అందే వెలుతురు నాలుగింతలవుతుంది. ఒక లెక్క గుర్తుంచుకుందాం. వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో, దానికి రెట్టింపు వరకే ఆవర్ధనం పనికివస్తుంది. 60 మిల్లీమీటర్ల కటకానికి 120 రెట్లు దాటితే బొమ్మ పెరుగుతుంది గాని వివరం పెరగదు. 1610లో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలను చూసింది సుమారు 20 రెట్లు చూపే దూరదర్శినితోనే!

ఇక ఖర్చు సంగతి. మొదటి మెట్టుకు పైసా అక్కర్లేదు. రెండు మూడు నెలలు ఉత్త కంటితో కృత్తికలను, మృగశిరను, సప్తర్షులను, గ్రహాలను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఎక్కడ చూడాలో తెలియనివారికి ఎంత మంచి దూరదర్శిని ఇచ్చినా ఉపయోగం లేదు.

5, 6 వేల రూపాయలుంటే 10×50 బైనాక్యులర్ కొనండి. అంటే 10 రెట్లు చూపేది, కటకం వెడల్పు 50 మిల్లీమీటర్లు ఉండేది. చేతులు వణకకుండా గోడమీద ఆనించి చూడాలి. మరుసటి ఏడు నేను అదే చేశాను. ఆనాటి అమ్మాయే గురుడి పక్కన మూడు చుక్కలు లెక్కపెట్టి, "నాలుగోది ఏది సార్?" అని అడిగింది. అది గురుడికి ముందో వెనకో ఉండి ఉంటుందని చెప్పాను. మర్నాడు కూడా వచ్చి వెతికింది.

సుమారు 15, 20 వేలు పెట్టగలిగితే బల్లమీద పెట్టుకునే నాలుగున్నర అంగుళాల దర్పణ దూరదర్శిని, 40 వేల ప్రాంతంలో 6 అంగుళాల డాబ్సోనియన్ చూడవచ్చు. జాన్ డాబ్సన్ అమెరికాలో రామకృష్ణ పరంపరకు చెందిన వేదాంత మఠంలో సన్యాసిగా ఉన్నాడు. పారేసిన గాజుతో, అట్టగొట్టాలతో, ప్లైవుడ్‌తో దూరదర్శినులు చేసి, వీధిలో పోయేవారికి ఆకాశం చూపించాడు. ఆయన పేరు మీద వచ్చిన ఈ రకానికి స్టాండు చెక్కపెట్టెలా నేలమీద కుదురుగా కూర్చుంటుంది. శని వలయాలు, గురుడి పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే పుస్తకాల్లోని ఫోటోల రంగులు మాత్రం కంటికి కనిపించవని పిల్లలకు ముందే చెప్పాలి.

తర్వాత పెద్దది కొనాలనిపిస్తే కొంచెం ఆగండి. ముందు ఒక మంచి అక్షికటకం కొనండి. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి 25 మిల్లీమీటర్ల అక్షికటకం 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది 120 రెట్లు చూపుతుంది. రెండోది, చీకటి. పట్నపు దీపాల మధ్య పెద్ద దూరదర్శినికి అందని మసక వస్తువులు మన పల్లెల్లో, క్యాంపుల్లో చిన్నదానికే అందుతాయి. ఇవి రెండూ చాలనప్పుడు 8 అంగుళాలకు వెళ్లండి. అదీ మీరు మేడమీదికి మోయగలిగితేనే. మోయలేనిది మూలన పడుతుంది.

మన ఎండకు, దుమ్ముకు రెండు జాగ్రత్తలు. చూసే అరగంట ముందే దూరదర్శినిని ఆరుబయట చల్లబడనివ్వాలి. దర్పణాన్ని గుడ్డతో తుడవకూడదు, గీతలు పడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరగా చెబుతాను. దూరదర్శినిని సూర్యుడివైపు తిప్పకండి. అక్షికటకానికి బిగించే నల్లగాజు వేడికి పగిలిపోవచ్చు, క్షణంలో కన్ను పోతుంది. గొట్టం ముందుభాగానికి బిగించే సరైన సౌర ఫిల్టర్ ఉండాలి, పక్కన తెలిసినవారు ఉండాలి. అప్పుడే సూర్యుణ్ణి చూడాలి.

ఈ రాత్రి మబ్బులేకపోతే పిల్లలతో కలిసి ఒకసారి బయటికి రండి. కొనడం సంగతి తర్వాత ఆలోచించవచ్చు.