పెరటి కోళ్ళకు గూడు, కాపుదల

తెలంగాణపు పల్లెలలో భూమిగల రైతు ఇంట నాలుగైదు కోళ్ళుండుట సాధారణము. అవి పగలు పెంటకుప్పమీదను కళ్ళమునందును ఏరుకొని తినును. రాత్రి గంపక్రింద మూయబడును, లేదా పశువుల కొట్టములోని దూలమునెక్కి కూర్చుండును. ఇంతమాత్రపు మందకు వేరుగ గూడు కట్టనక్కరలేదు. మంద పెరిగినప్పుడే చిక్కు వచ్చును. ఒక పెట్ట పది పండ్రెండు గ్రుడ్లపై 21 దినములు పొదుగును. రెండు పెట్టలు ఏటికి రెండుమారులు పొదిగి, ప్రతిమారును ఎనిమిదేసి పిల్లలను లేపినచో 32 పిల్లలగును. వానిలో సగమే దక్కినను మొదటి ఐదింటితో గూడి మంద 21 యగును. అనేకుల యిండ్లలో కోళ్ళు పెరుగును గాని గూడు పెరుగదు.

అట్టియెడ కలుగు నష్టమును రైతు దిష్టియనియో తెగులనియో తలచును. ఇరుకుగంపలో క్రిందివి ఊపిరాడక చచ్చును. బలహీనమైనవానిని తక్కినవి పొడుచును. రెట్ట తేమకు పురుగులు బలియును. కొట్టములోనికి దూరిన అడవిపిల్లి యొక్కరాత్రిలో ఐదారింటిని చంపి ఒకదానినే యెత్తుకొనిపోవును. వీనిలో ఏ యొక్కటియు దైవికము గాదు.

గూటికి చోటు మెరకగా నుండవలెను. వాననీరు నిలుచు తావు పనికిరాదు. ఇంటికి దగ్గరగా, రాత్రి కోళ్ళ యలజడి విని లేచుటకు వీలగునంత దూరములోనే కట్టవలెను. పశువుల కొట్టమునకు ఆనించి కట్టుట మంచిది గాదు. కోడిరెట్టయు ఈకలును పశువుల మేతలో పడును. గూటి నిడివి తూర్పు పడమరలుగా నుంచినచో మండువేసవి యెండ లోనికి సూటిగా పడదు. పగలు బయట తిరుగు కోళ్ళకు రాత్రి పడుకొనుటకు తలకు రెండు చదరపు అడుగుల చోటు చాలును. అనగా పదియడుగుల నిడివి, ఐదడుగుల వెడల్పు గల గూడు 25 కోళ్ళకు సరిపోవును. ఇప్పుడున్న కోళ్ళను గాక వచ్చు సంవత్సరము ఉండబోవు కోళ్ళను లెక్కించి కొలతలు వేసికొనుట మేలు. కట్టిన గూటిని పెంచుట క్రొత్తగా కట్టుటకంటె కష్టము.

అరుగు ఒక అడుగు ఎత్తుగా రాళ్ళతోను మొరముతోను దిమ్మిస చేయవలెను. వట్టి మట్టి నేలయైనచో పందికొక్కులు బొరియ చేసి లోన ప్రవేశించును. నేలపై రెండు మూడంగుళముల దళసరిగా ఊక గాని వేరుసెనగ పొట్టు గాని పరచి, తడిసినదానిని వెంటనే తీసివేయుచుండవలెను. ఇట్లు తీసిన యెరువు కూరపాదులకు మిక్కిలి సత్తువ. ప్రక్కలయందు రెండడుగుల గోడ కట్టి, దానిపైన ఇనుప జాలి బిగింపవలెను. జాలి విషయమున పొరపాటు జరుగుట కలదు. పెద్ద కన్నుల పలుచని జాలి కోడిని బయటికి పోనీయదు గాని, ముంగిసను, ఎలుకను, పామును లోనికి రాకుండ ఆపలేదు. అరయంగుళపు కన్నులు గల గట్టి జాలియే కావలెను. తలుపునకు గడియయు, ద్వారబంధము క్రింద సందు లేకుండుటయు జాలి యెంత ముఖ్యమో అంత ముఖ్యములు.

కప్పు సంగతి కొంచెము ఆలోచింపదగినది. తాటియాకు, గడ్డి చల్లగా నుండును గాని ఎలుకలకును పాములకును ఇల్లగును. రేకు కప్పు శుభ్రము. కాని వైశాఖ జ్యేష్ఠములలో దానిక్రింద కోళ్ళు నోరు తెరచి రొప్పుచు చచ్చుట కలదు, ఏలయన కోడికి చెమట పట్టదు, రొప్పుటచేతనే అది తన వేడిని పోగొట్టుకొనవలెను. రేకు వేసినవారు వేసవిలో దానిపై గడ్డి పరచి నీరు చల్లవలెను. పెంకుటి కప్పు ఈ రెంటికి నడిమిది. ఏ కప్పైనను చూరు మూడడుగులు ముందుకు వచ్చినచో జల్లు లోనికి కొట్టదు.

కోళ్ళు నేలపై పడుకొనుటకంటె దండెముపై నుండుటకు ఇష్టపడును. రెండంగుళముల మందము గల నున్నని కఱ్ఱలను నేలకు రెండు మూడడుగుల ఎత్తున, కోడికి ఎనిమిది మొదలు పది అంగుళముల చొప్పున అమర్చవలెను. అన్నిటిని ఒకే యెత్తున నుంచవలెను. మెట్లవలె కట్టినచో పైదానికై ప్రతి సాయంకాలమును పోట్లాట తప్పదు. నాలుగైదు పెట్టలకొక గ్రుడ్ల గూడు, అడుగు చదరమున, చీకటి మూలలో నుంచిన చాలును.

దండెముల విషయమున మరియొక శత్రువు గలదు. కోళ్ళ పిడుదు నల్లివలె పగలెల్ల గోడ చీలికలలోను కఱ్ఱల అతుకులలోను దాగి, రాత్రి వెలువడి నెత్తురు త్రాగి తిరిగి దాగును. పగలు కోడిని పట్టి యెంత వెదకినను పెద్ద పిడుదు కనబడదు. కావుననే రైతు దానిని అనుమానింపడు. కోళ్ళ జుట్లు పాలిపోయి, గ్రుడ్లు తగ్గి, కారణము తెలియక కొన్ని చచ్చుచున్నచో రాత్రి దీపము తీసికొనిపోయి దండెముల అడుగును చూడవలెను. ఇది మేత లేకయే నెలల తరబడి, సంవత్సరములు గూడ, బ్రతుకగలదు గనుక గూటిని కొన్నాళ్ళు ఖాళీగా విడిచినంతమాత్రమున చావదు. చీలికలన్నిటిని మట్టితో పూడ్చి వేడి సున్నము కొట్టవలెను. దండెముల కాళ్ళను కిరసనాయిలు పోసిన చిప్పలలో నిలుపవలెను. గూటి యెదుట బూడిదయు ఇసుకయు కలిపి ఒక గుంట నింపినచో కోళ్ళు తామే పొర్లాడి ఈకలలోని పేలను దులుపుకొనును.

పిల్లలను ఎనిమిది వారముల వరకు పెద్దవానితో కలుపరాదు. గ్రద్ద, కాకి యెత్తుకొనిపోవునవి ఎక్కువగా మొదటి నెలలోని పిల్లలే. తల్లితోకూడ వానిని వలకప్పిన చిన్న దొడ్డిలో నుంచి, కొంత పెరిగిన పిదప చెట్లు పొదలు గల పెరటిలోనికి విడువవలెను. తల్లిలేని పిల్లలకు దీపపు వెచ్చదనము కావలెను: మొదటి వారము 95 డిగ్రీల ఫారన్‌హీటు, తరువాత వారమునకు ఐదేసి డిగ్రీలు తక్కువ. కొలత సాధనము లేనివారికి పిల్లలే చెప్పును. దీపము చెంత గుమిగూడినచో చలి. దూరముగా పోయి రొప్పినచో వేడి. అంతట పరచుకొని తిరిగినచో సరి.

హైదరాబాదు చెంతనున్న రాజేంద్రనగరపు కోళ్ళ పరిశోధనాలయములో రూపొందిన వనరాజా జాతిని పెంచువారు కాపుదలయందు మరింత శ్రద్ధ వహింపవలెను. ఇవి నాటుకోళ్ళకంటె బరువైనవి. కుక్కనుండి యెగిరి తప్పించుకొను చురుకు వీనికి తక్కువ.

ప్రొద్దు గ్రుంకినతోడనే తలుపు మూయుటయు, మూయునపుడు లెక్కించుటయు నిత్యకృత్యముగా నుండవలెను. చీకటిలో కోడికి చూపానదు. దండెముపైనున్నది ఉన్నచోటనే పట్టుబడును. పశువులను రాత్రి లెక్కించు రైతు కోళ్ళను లెక్కింపడు. కోళ్ళ పని ఇంటి ఆడువారిదనియు, వానిపై వచ్చు నాలుగు డబ్బులు వారివనియు విడిచిపెట్టుట వాడుక. అది న్యాయమే, కాని గూటికి కలప, జాలి కావలెనని వారడిగినపుడు ఎడ్ల కొట్టమునకు వెచ్చించునపుడు లేని లోభము చూపుట న్యాయము గాదు.

మంద పెరిగినకొలది కొక్కెర తెగులు భయము పెరుగును. కుమాయూను కొండలలోని ఊరినిబట్టి దీనికి రాణీఖేతు తెగులని పేరు వచ్చినది. కోడి మునగదీసికొని కూర్చుండును, నోరు తెరచి ఊపిరి తీయును, ఆకుపచ్చగా పారును, మెడ వంకరపోవును. తగిలిన పిదప మందు లేదు. ముందుగా టీకా వేయించుటయే గతి. పిల్లలకు మొదటి వారములో కంటిలోగాని ముక్కులోగాని లసోటా చుక్కలు వేసి, నెల దాటిన పిమ్మట మరల వేసి, ఎనిమిది మొదలు పది వారముల వయస్సున ఆర్ టూ బి సూదిమందు వేయింతురు. ఈ మందులు మంచుగడ్డలో తేవలెను. ఎండ తగిలినది వేసినను వేయనిదానితో సమానము.

తెగులు పల్లెకు వచ్చు దారి తరచుగా సంతయే. క్రొత్తగా కొన్న కోళ్ళనే గాక, అమ్ముడుపోక తిరిగి తెచ్చినవానిని గూడ మూడు వారములు వేరుగ నుంచవలెను. చచ్చినదానిని పెంటపై పారవేయక లోతుగా గోయి తీసి సున్నము చల్లి పూడ్చవలెను. 2006లో మహారాష్ట్రమందలి నవాపూరున పక్షిజ్వరము భారతదేశమున మొదటిమారు బయటపడినది; కావున అనేక కోళ్ళు ఒక్కసారిగా చచ్చినచో వానిని వట్టిచేతులతో తాకక, కోయక, అమ్మక పశువైద్యునికి తెలుపవలెను. తెగులు వచ్చిన గూటినుండి ఊక అంతయు తీసి కాల్చి, సున్నము కొట్టి, వైద్యుడు చెప్పినన్నాళ్ళు ఖాళీగా నుంచిన పిమ్మటనే క్రొత్త పిల్లలను దింపవలెను.